ఒకటా రెండా అన్న బేరం కుదిరింది, మా ఒంటి తుపాకి మాటేమిటి?

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అడవిని ఆనుకొని మూడెకరాల్లో వేరుశనగ పండించే కుటుంబం మాది. మా నాన్నగారి పేరున పంట రక్షణ లైసెన్సుతో ఒక తుపాకి ఉంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలికలు కూరి, కడ్డీతో దట్టించి పేల్చాలి. చేను మీద పడే అడవి పందిని చంపాలంటే అటవీ శాఖ అనుమతి వేరే కావాలి కనుక మంచె మీంచి ఆకాశంలోకే పేలుస్తాం. ఆ చప్పుడుకే మంద చెదిరిపోతుంది.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ఆ వారంలోనే తుపాకి స్టేషనులో అప్పజెప్పమని కబురు. రబీ కాయ ఊరుతున్న రోజులవి. రసీదు తెచ్చుకుని, రాత్రుళ్లు డబ్బాలు కొట్టాం, టపాకాయలు కాల్చాం. నాలుగో రాత్రికి ఆ మోత పందులకు అలవాటైపోయింది. తెల్లారి చూస్తే చేను నాగలి పెట్టినట్టు తిరగబడి ఉంది, తొక్కలు తప్ప కాయ లేదు. ఓట్ల లెక్కింపు జూన్ 4న. అంటే కోడ్ వచ్చాక 80 రోజులు. పక్క చేనువాళ్లు విసిగి కంచెకు కరెంటు తగిలించారు. అలాంటి తీగలు తగిలి పందులే కాదు, మనుషులూ పోతున్నారు.

లైసెన్సులను ఒక్కొక్కటిగా పరిశీలించి, అనుమానమున్న వారి దగ్గరే జమ చేయించుకోవాలన్నది ఎన్నికల సంఘం చెప్పే పద్ధతి. మా దగ్గర మాత్రం నేరచరిత్ర ఉన్నవాడికీ, కావలి కాసేవాడికీ ఒకటే కబురు.

తుపాకి మా హక్కని నేను అనడం లేదు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ఉండేది. దాన్ని రాజ్యాంగంలో చేర్చాలని 1948లో రాజ్యాంగ సభ సభ్యుడు హెచ్.వి. కామత్ గారు సవరణ ప్రతిపాదిస్తే సభ ఒప్పుకోలేదు. అమెరికా బడుల్లో కాల్పుల వార్తలు చదివినప్పుడల్లా, ఒప్పుకోకపోవడమే మంచిదైందనుకుంటాను.

కానీ బేరమాడటం మీ శాఖకు తెలియని విద్య కాదు. 2019లో ఆయుధాల చట్టానికి సవరణ తెచ్చినప్పుడు, మనిషికి మూడు తుపాకులున్న చోట ఒక్కటే ఉండాలని బిల్లులో పెట్టారు. అభ్యంతరాలు వచ్చాయి, చివరికి రెండు దగ్గర తెగింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. తప్పుపట్టను, రాజీ అంటే అదే. కర్ణాటకలోని కొడగు జిల్లావాసులకు లైసెన్సు అక్కర్లేదన్న పాత మినహాయింపును కూడా 2029 వరకు పొడిగించారు. రెండో తుపాకి కోసం ఢిల్లీలో మాట్లాడేవారు దొరికారు. ఉన్న ఒక్కదాని కోసం మాట్లాడేవారే మాకు లేరు.

శిక్షలు చూడండి. లైసెన్సు లేని నాటు తుపాకితో చేను కాస్తూ దొరికినవాడికి ఆ సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల జైలు. పెళ్లి ఊరేగింపులో సరదాకు కాల్చి పదిమంది ప్రాణాల మీదికి తెచ్చినవాడికి గరిష్ఠంగా రెండేళ్లు, లక్ష లోపు జరిమానాతోనే బయటపడే వీలూ ఉంది. ఎవరి తుపాకికి భయపడి రాసిన చట్టమిది?

మావైపు నుంచి ఇవ్వగలిగింది చెబుతాను. ఏటా తుపాకి తెచ్చి చూపిస్తాం, మందు ఎంత కొన్నామో, ఎంత కాల్చామో పుస్తకంలో రాస్తాం. పరాయి చేతికి ఇస్తే లైసెన్సు శాశ్వతంగా రద్దు చేయండి. నాటు తుపాకులున్నవారికి కేసు లేకుండా అప్పగించే గడువొకటి ఇచ్చి, అర్హులకు లైసెన్సు ఇవ్వండి. అలాగైతే అటకల మీద దాచినవి మీ లెక్కలోకి వస్తాయి.

బదులుగా రెండు అడుగుతున్నాం. కేసులు లేని రైతుల పంట రక్షణ తుపాకులను ఎన్నికలప్పుడు మూకుమ్మడిగా జమ చేయించకుండా ఎన్నికల సంఘంతో మాట్లాడండి. రెండోది, గడువుకు విలువ. లైసెన్సు దరఖాస్తు మీద పోలీసు నివేదిక 30 రోజుల్లో రావాలని 2016 ఆయుధాల నియమాల్లో మీరే రాశారు. రాకపోతే జవాబు చెప్పేదెవరో కూడా రాయండి.

మా నాన్నగారి లైసెన్సు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టి ఏడు నెలలైంది. అడిగిన ప్రతిసారీ ఫైలు పైకి వెళ్లిందంటున్నారు. ఇంట్లో విత్తనం కాయ వలుస్తున్నాం.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు