రాగి వాషర్లు అడిగితే ఇన్నాళ్లు తిప్పుతారా?

కస్టమర్ కేర్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మీ దగ్గర కొన్న మినీబైక్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్ కిట్ గురించి రాస్తున్నాను. కిట్‌లో లోపం ఉందని కాదు నా కోపం. వస్తువన్నాక ఎక్కడో ఒకచోట పొరపాటు జరుగుతుంది. కానీ ఇన్ని రోజులుగా మొత్తుకుంటున్నా మీ వాళ్లలో ఒక్కరు కూడా నేను చెప్పేది పూర్తిగా వినలేదు. పైగా వినకుండానే ఫిర్యాదు మూసేశారు. అది మాత్రం నేను మర్చిపోలేను.

సమస్య చాలా చిన్నది. బ్రేక్ హోస్‌ని, అంటే ఆయిల్ వెళ్లే గొట్టాన్ని, ఒక చివర లివర్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కి, రెండో చివర చక్రం దగ్గర డిస్క్‌ని పట్టి ఆపే క్యాలిపర్‌కి బాంజో బోల్టులతో (ఆయిల్ పోయేలా లోపల బోలుగా ఉండే బోల్టులు) బిగించాలి. ఆయిల్ కారకుండా ప్రతి బోల్టు దగ్గరా హోస్ చివరకి ఇటొకటి, అటొకటి రాగి వాషర్ పడాలి. అంటే మొత్తం నాలుగు. మీ ప్యాకెట్‌లో రెండే ఉన్నాయి. ఏ బ్రేక్ ఆయిల్ పోయాలో మాస్టర్ సిలిండర్ మూత మీదా లేదు, లోపల పెట్టిన కాగితంలోనూ లేదు. నాకు కావాల్సింది రెండు వాషర్లు, ఒక్క సమాధానం.

దీనికోసం ముందు మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నింపబోతే బండి రిజిస్ట్రేషన్ నంబరు రాయకుండా ముందుకు కదల్లేదు. ఇది రోడ్డెక్కని బండి, మట్టిలో నడిపేది. దానికి నంబర్ ప్లేటే లేదు. ఫోన్ చేసి ఇదే చెబితే, "ఏదో ఒక నంబరు వేసేయండి సార్, పర్లేదు" అన్నారు. అన్నీ సున్నాలు వేశాను. తర్వాత ఇంకొకరు ఫోన్ చేసి, "ఈ నంబరుతో బండి మా రికార్డుల్లో లేదు, ఫిర్యాదు తీసుకోలేం" అన్నారు. సున్నాలు వేయమన్నది మీ వాళ్లేనని చెబితే, అలా ఎవరూ చెప్పరని నన్నే దబాయించారు.

ఆ తర్వాత ఫొటోలు అడిగారు. హోస్ చివర, బోల్టు, వచ్చిన రెండు వాషర్లు అరచేతిలో పెట్టి దగ్గరగా తీసి పంపాను. అవి చూసి, మీటర్ రీడింగ్ కనిపించేలా ఫొటో కావాలన్నారు. ఈ బండికి మీటరే ఉండదు. అమ్మింది మీరే కదా, ఆ మాత్రం తెలియదా? ఇంకో ఏజెంట్ "లివర్ గట్టిగా నొక్కి పట్టుకోండి సార్, బ్రేకులో గాలి పోతుంది" అంది. అందులో ఇంకా చుక్క ఆయిల్ కూడా పోయలేదని అప్పటికే చెప్పాను. మళ్లీ చెప్పాను. అయినా అదే మాట తిరిగి చదివింది. వేరొకాయన అయితే వాషర్ లేకుండానే బోల్టు గట్టిగా బిగించేయమన్నాడు. అల్యూమినియం క్యాలిపర్‌లో అలా బిగిస్తే మరలు ఊడిపోతాయి, లీకు మాత్రం ఆగదు.

నన్ను నిజంగా భయపెట్టింది ఆయిల్ గురించి ఇచ్చిన జవాబు. "డాట్ 4 అయినా డాట్ 5 అయినా ఒకటే, ఏది దొరికితే అది పోయండి" అన్నారు. డాట్ నంబరు బ్రేక్ ఆయిల్ రకాన్ని చెబుతుంది. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్‌తో చేసినవి. డాట్ 5 సిలికాన్‌ది. వాటిని కలపకూడదు. కొన్ని బ్రేకులకు మినరల్ ఆయిలే పోయాలి. ఒక రకానికి చేసిన రబ్బరు సీళ్లు ఇంకో రకం తగిలితే పాడైపోతాయి. ఈ బండికి ముందు చక్రానికి బ్రేకే లేదు. ఉన్నదల్లా వెనక చక్రానిదే. ఇంజిన్ వేగం తగ్గితే తనంతట తానే వదిలేసే సెంట్రిఫ్యూగల్ క్లచ్ కాబట్టి ఇంజిన్‌తో బండి ఆపుకునే వీలు కూడా లేదు. నడిపేది మా అబ్బాయి. డ్రమ్ము చుట్టూ పట్టీ బిగిసే పాత బ్యాండ్ బ్రేక్ బురద తగిలితే జారిపోతోందనే వాడి కోసం ఈ కిట్ కొన్నాను. వాలులో ఆ ఒక్క బ్రేకూ పడకపోతే ఏమవుతుందో తెలిసే ఆ మాట చెప్పారా?

చివరికి సర్వీస్ సెంటర్‌కి వెళ్లమన్నారు. వాళ్లు బండిని చూడకుండానే, ఆఫ్‌రోడ్ బళ్లు ముట్టుకోమని వెనక్కి పంపేశారు. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్ వచ్చింది. అది చూశాక ఒళ్లు మండిపోయింది.

ఈ బండి మీ దగ్గరే కొన్నాను. చైన్, స్ప్రాకెట్, ట్యూబులు, క్లచ్, ఏది కావాలన్నా వేరే చోటుకి వెళ్లలేదు. నా మాట నమ్మి నా స్నేహితులు కూడా మీ దగ్గరే కొన్నారు. ఇప్పుడు వాళ్లకి నేనేం చెప్పాలి? కొనేటప్పుడు మొదటి రింగుకే ఫోన్ ఎత్తిన కంపెనీ, డబ్బు చేతిలో పడ్డాక మొహం చాటేసిందని చెప్పాలా?

స్క్రిప్టు చదవని మనిషి, బ్రేకుల గురించి తెలిసిన మనిషి, తన పేరు చెప్పి నాకు ఫోన్ చేయాలి. వాషర్లు పంపండి, ఏ ఆయిల్ పోయాలో రాతపూర్వకంగా ఇవ్వండి. లేదంటే కిట్ వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయండి. ఇంత తిప్పినందుకు ఒక క్షమాపణ కూడా రావాలి. వారం రోజులు చూస్తాను. ఆ తర్వాత బ్యాంకులో ఈ చెల్లింపు మీద అభ్యంతరం పెడతాను, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఏ ఆయిల్ అయినా పోసేయమన్న మీ ఏజెంట్ కాల్ రికార్డింగ్ నా దగ్గరే ఉంది. దాన్ని కమిషన్ ముందు పెడతాను, ఈ బళ్లు నడిపే పిల్లల తల్లిదండ్రులందరికీ వినిపిస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్