నీ ప్రార్థనకు అడ్డు పడుతున్నది

చిన్నా,

ప్రభువు నామంలో నీకూ, అమ్మాయికీ మా ఇద్దరి ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో ఒక మాట అన్నావు. "పెళ్లయ్యాక ప్రార్థనకి టైమే దొరకట్లేదు నాన్నా, మోకరించినా మనసు నిలవట్లేదు" అని. కాసేపయ్యాక, వారం రోజులుగా మీ ఇద్దరికీ మాటలు సరిగా లేవని కూడా చెప్పావు. వేరే సంగతి చెప్పినట్టే చెప్పావు. నాకు మాత్రం ఆ రెండూ ఒకటే అనిపించింది. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను.

నీకు ఇంతవరకు చెప్పని విషయం ఒకటుంది. నువ్వు బాగా చిన్నవాడివి అప్పుడు. సంఘంలో నాకు బాధ్యతలు పెరిగాయి. కూటాలు, పరామర్శలు, యువకుల సహవాసం అంటూ ఏ రాత్రికో ఇల్లు చేరేవాణ్ణి. మీ అమ్మ ఏదైనా అడిగితే "ప్రభువు పని మీదే కదా వెళ్లాను" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూయించేవాణ్ణి. దేవుని పేరు అడ్డం పెట్టుకుని భార్యను పట్టించుకోకపోవడం ఎంత పెద్ద తప్పో అప్పుడు తెలియలేదు. పదిమందిలో ప్రార్థిస్తే అందరూ ఆమేన్ అనేవారు. ఇంట్లో ఒంటరిగా మోకరిస్తే ఒక్క మాటా పైకి వెళ్తున్నట్టు ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక తెల్లవారుజామున బైబిల్లో పేతురు మొదటి పత్రిక చదువుతున్నాను. మూడో అధ్యాయం, ఏడో వచనం. భార్యతో ఎలా కాపురం చేయాలో భర్తలకు చెబుతూ, "మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు" అంటాడు. ఎన్నోసార్లు చదివిందే. ఆ రోజు మాత్రం అక్కడినుంచి ముందుకు కదల్లేకపోయాను. ప్రార్థనకు ఆటంకం అంటే శోధన అనుకున్నాను, అలసట అనుకున్నాను. మీ అమ్మతో నేను నడుచుకునే తీరే ఆటంకమని ఎన్నడూ అనుకోలేదు.

పేతురు పెళ్లయినవాడు. యేసు ప్రభువు అతని అత్తకు జ్వరం మాన్పిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. తర్వాత సేవలో తిరిగేటప్పుడు భార్యను వెంటబెట్టుకుని వెళ్లేవాడని పౌలు కొరింథీయులకు రాసినదాన్నిబట్టి తెలుస్తుంది. కాపురం అంటే ఏమిటో తెలిసినవాడే ఆ వచనం రాశాడు. అదే వచనంలో భార్యను గురించి ఉన్న "బలహీనమైన ఘటము" అన్న మాట ఒక్కటే పట్టుకుని భార్యను తక్కువ చేసేవాళ్లను చాలామందిని చూశాను. దాని పక్కనే "సన్మానించి" అని ఉంది. జీవమను కృపావరంలో ఆమె నీకు పాలివారని కూడా ఉంది. ఆస్తిలో నీతోపాటు హక్కు ఉన్నవాళ్లనే కదా పాలివారంటాం! ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం కూడా అంతే. భార్యలు లోబడాలన్న 22వ వచనం అందరికీ కంఠతా వచ్చు. ఒకరికొకరు లోబడి ఉండమన్న 21వ వచనం దానికి ముందే ఉంది. ఇక 25లో భర్తకు పెట్టిన కొలత సంఘం కోసం తన ప్రాణం పెట్టిన క్రీస్తు. అంతకన్నా కష్టమైన ఆజ్ఞ నాకైతే కనబడలేదు.

ఆ ఉదయం మీ అమ్మ లేచేదాకా కూర్చుని ఉండి, "నన్ను క్షమించు" అన్నాను. సంజాయిషీ ఏమీ చెప్పలేదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ మీ కోసం ఒక్కదాన్నే ప్రార్థన చేశాను, ఇకనుంచి ఇద్దరం కలిసి చేద్దాం" అంది. మన ఇంట్లో రాత్రి ప్రార్థన నువ్వు పుట్టకముందునుంచీ ఉందనుకుంటావు కదా, అది మొదలైంది ఆ రాత్రే.

మొదట్లో రెండు నిమిషాలు కూడా ఉండేది కాదు. కోపంగా ఉన్న రోజున పక్కపక్కన మోకరించడం ఎంత కష్టమో నాకు తెలుసు. కొన్ని రాత్రులు "ప్రభువా, ఈ రోజు మాకు మాటలు రావడం లేదు" అన్నదే మా ప్రార్థన. అయినా మానలేదు. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదన్న మాటను మేమిద్దరం అక్షరాలా పట్టుకున్నాం.

ఒక్క జాగ్రత్త చెబుతాను. ప్రార్థనలో అమ్మాయి తప్పులు ఆమెకే వినబడేట్టు దేవునికి చెప్పకు. "ప్రభువా, ఈమెకు ఓర్పు నేర్పించు" అని పైకి అనడం ప్రార్థన కాదు, గొడవకు కొనసాగింపే. నేను చేశాను, అందుకే చెబుతున్నాను. నీ తప్పు నువ్వు ఒప్పుకో, ఆమె కోసం కృతజ్ఞత చెప్పు. ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్నచోట పౌలు వాడిన గ్రీకు మాట లెక్క రాసుకోవడానికి కూడా వాడేదే. ఎవరు ఎన్నిసార్లు ముందు తగ్గారో లెక్క పెట్టుకోకండి.

డబ్బు, ఉద్యోగం, ఇల్లు మారడం వంటివన్నీ కూడా ఆ ప్రార్థనలోకే తెచ్చుకోండి. బైబిల్లో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు డేరాలు కుట్టుకుని బతికినవాళ్లు. చక్రవర్తి ఆజ్ఞతో రోమా విడిచి కొరింథుకు రావలసివచ్చింది. అక్కడ వాళ్లింట్లోనే పౌలు ఉండి వాళ్లతో కలిసి పని చేశాడు. తర్వాత వాళ్లింట్లోనే సంఘం కూడింది. కొత్త నిబంధనలో వాళ్ల ప్రస్తావన ఆరుసార్లు వస్తే, ఆరుసార్లూ ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి. నాకు చాలా ఇష్టమైన దంపతులు. చేతిపని, వచ్చేపోయేవాళ్లు, వాక్యం అన్నీ ఒకే కప్పు కింద జరిగాయి.

అమ్మాయితో ఈ రోజే మాట్లాడు. "మా నాన్న ఇలా రాశారు" అని ఈ ఉత్తరం ముందు పెట్టకు. నీ మాటగా, నీ నోటితో చెప్పు.

మీ అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. ఒకచోట మాత్రం దిద్దమంది. ఆ ఉదయం తను మాట్లాడకుండా ఉన్నది చాలాసేపు కాదట, కాసేపేనట.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి.

మీ నాన్న