‘పడు’ తెలిసిన పిల్లలకు ‘ఫాల్’ కష్టమా?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను హనుమకొండలో పద్నాలుగేళ్లుగా జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. డిగ్రీ, బీటెక్ పిల్లలు అప్లికేషన్లు పెట్టుకోవడానికి, వచ్చిన మెయిల్ చూపించి అర్థం అడగడానికి వస్తుంటారు. మన పిల్లలు ఇంగ్లిష్‌లో పెద్ద పెద్ద పదాలను బాగానే దాటేస్తున్నారు. దెబ్బ తినేదంతా చిన్న మాటల దగ్గరే. గెట్, పుట్, టేక్, లుక్ ప్రతి పిల్లవాడికీ తెలుసు. వాటి వెనక ఆన్, ఆఫ్, అప్, బ్యాక్ అని ఒక తోక తగిలిందంటే అర్థం ఎటో వెళ్లిపోతుంది. ఫ్రేజల్ వెర్బ్స్ అనే ఈ మాటల గురించే నా ఉత్తరం.

నిరుడు ఎండాకాలంలో పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కాలేజీలో జరిగిన సెలక్షన్స్‌లో రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ ముందురోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చిందట: ‘ఇంటర్వ్యూ ఈజ్ పుట్ ఆఫ్. వి విల్ గెట్ బ్యాక్ టు యూ.’ వాయిదా పడిందన్నది ఎవరో చెప్పారు. రెండో ముక్క మాత్రం తనే అర్థం చేసుకుంది. “గెట్ బ్యాక్ అంటే మళ్ల మా కాలేజీకే వస్తరు గద అంకుల్, అందుకే ఎదురుచూసిన” అంది. మేమే మీకు మళ్లీ కబురు చేస్తాం అని దాని భావం. కబురు మెయిల్‌లో వచ్చింది, ఫారం నింపి శుక్రవారంలోగా పంపమని. ఆమె వేరే పని మీద నా దగ్గరికి వచ్చి మెయిల్ తెరిచేసరికి ఆ శుక్రవారం వెళ్లి తొమ్మిది రోజులైంది. స్క్రీన్ మీద తేదీ చూసి ఆ బిడ్డ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఇది ఒక్క ఉద్యోగాల సంగతే అనుకోకండి. మా అమ్మకు బీపీ. డిశ్చార్జి కాగితంలో ఉప్పు ‘కట్ డౌన్’ చేయాలని రాశారు. తగ్గించమని అర్థం. చదివి చెప్పినవాళ్లు పూర్తిగా మానేయమన్నారని చెప్పారు. అలా మానేయమనడానికి ‘కట్ అవుట్’ అనాలి. నేను ఆ కాగితం చూసేదాకా పన్నెండు రోజులు ఆమె చప్పిడి కూడే తిన్నది.

2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆ ఏడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2025లో పది పరీక్షలు రాశారు. చదువంతా ఇంగ్లిష్‌లోకి మారినా ఈ మాటలు నేర్పే తీరు మాత్రం మారలేదు. మా చిన్నోడి నోటుబుక్కులో ఎడమపక్క ‘పుట్ అప్ విత్’, కుడిపక్క ‘టాలరేట్’ అని రాసి ఉంది. డిక్టేషన్‌లో వాడికి పదికి పది వచ్చాయి. టాలరేట్ అంటే ఏందిరా అని అడిగితే నా మొహం చూశాడు. “పక్కింట్ల రాత్రి పన్నెండు దాకా డీజే మోగుతుంటే ఏం చేస్తున్నం మనం?” అన్నాను. “ఓర్సుకుంటున్నం” అన్నాడు. అదేరా పుట్ అప్ విత్ అన్నాను. ఇక మరిచిపోలేదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఈ తరహా మాటలు మన పిల్లలకు కొత్త కాదు. ‘పడు’ అనే మాట తీసుకోండి. వెనకబడటం, బయటపడటం, లోబడటం, నిలబడటం. వీటిలో ఎవరూ కింద పడలేదు. ఇంగ్లిష్‌లో ‘ఫాల్’ చేసే పనీ ఇదే. ఫాల్ బిహైండ్ అంటే అచ్చంగా వెనకబడటం. ఎవరితోనైనా ఫాల్ అవుట్ అయితే తగవు పడ్డట్టు. ఎవరి మాయమాటలకో ఫాల్ ఫర్ అయితే బుట్టలో పడ్డట్టు. మన భాషలో అసలు మాటకు ముందు వచ్చే ముక్క వాళ్లకు వెనక వస్తుంది, తేడా ప్రధానంగా అంతే. పర్సు కొట్టేశారు, కేసు కొట్టేశారు, జాబితాలో పేరు కొట్టేశారు అన్నప్పుడు మూడింటికీ మూడర్థాలని మన ఐదో తరగతి పిల్లకూ తెలుసు. అంత తెలివి ఉన్న పిల్లకు ‘టర్న్ డౌన్’ అంటే ఒకచోట సౌండు తగ్గించడం, ఇంకోచోట కాదు పొమ్మనడం అని చెబితే ఎందుకు ఎక్కదు? ఎక్కుతుంది. తెలుగులో చెప్పాలి, అంతే.

కొన్ని బడుల్లో ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు మాట వినబడితే జరిమానా వేస్తున్నారు. దయచేసి అది ఆపండి. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. ఫ్రేజల్ వెర్బ్ వచ్చిన ప్రతిచోటా ఎదురుగా మన ఇళ్లలో అనే మాట వేయమని పుస్తకాలు తయారుచేసే పెద్దలను కోరుతున్నాను. వాడుక కూడా చెప్పాలి. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ అనొచ్చు. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే కుదురుతుంది. బస్సు, రైలు అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్; ఆటో, కారు అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. కాజీపేటలో రోజూ రైలెక్కే పిల్లలకు ఇది నేర్పడానికి ఒక్క పీరియడ్ చాలు.

మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో రోజుకొక ఫ్రేజల్ వెర్బ్, దానికి మన తెలుగు మాట, మన ఊరి సంగతితో ఒక వాక్యం వేయండి. నాలుగు లైన్ల జాగా చాలు. నేను నా షాపు ముందు తెల్లబోర్డు మీద రెండు నెలలుగా రాస్తున్నాను. మొన్న ‘రన్ అవుట్ ఆఫ్’ అంటే అయిపోవడం, నిండుకోవడం అని రాశాను. సాయంత్రానికి ఎవరో పిల్లలు దాని కింద ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ జిరాక్స్ పేపర్’ అని రాసి వెళ్లారు. మీరు మొదలుపెట్టిన రోజు నుంచి ఆ బోర్డు మీద మీ పత్రికలో వచ్చిన మాటే రాస్తాను.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు,
హనుమకొండ