చిన్న నిర్మాతకు రెండో వారం దక్కాలి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు నాగయ్య గారి నటనను, గానాన్ని తలచుకొని మురిసిపోయే మన జిల్లాలో, నిర్మాతగా ఆయన పడిన కష్టాన్ని గురించి మాట్లాడేవారు అరుదు. 1946లో ‘త్యాగయ్య’ను సొంతంగా నిర్మించి దేశమంతటా మెప్పు పొందిన ఆయన 1953లో ‘నా ఇల్లు’ తీశారు. ‘రామదాసు’ను తెరమీదికి తేవడానికి మాత్రం 1964 వరకు ఆగవలసి వచ్చింది. అంతటి వారికే అన్నేళ్లు పట్టిందంటే, ఇల్లో పొలమో తాకట్టు పెట్టి ఒక్క సినిమా తీసిన తిరుపతి కుర్రవాడి గతి ఏమిటో ఊహించవచ్చు.

నేనూ అలా ఒక చిన్న చిత్రం నిర్మించినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో చిత్రీకరణ, డబ్బింగ్, సెన్సార్ ఎలాగో పూర్తి చేసుకున్నాము. అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. పెద్ద చిత్రానికి హాలు యజమానులే అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తారు. మా చిత్రానికి మాత్రం వారం అద్దె, డిజిటల్ ప్రదర్శన రుసుము ముందుగా మేమే చెల్లించవలసి వచ్చింది. శుక్రవారం ఉదయం ఆటకు వచ్చినవారు కొద్దిమందే అయినా, వారు చెప్పగా విని ఆదివారం సాయంత్రానికి పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి ఫోన్లు వచ్చాయి. సోమవారం ఉదయానికి మా పోస్టరు మీద వేరే సినిమా పోస్టరు అంటించి ఉంది. గోడ ముందు నిలబడిన ఆ క్షణాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. హాలు యజమానిని నేను తప్పుపట్టను, ఆయనకు కరెంటు బిల్లు, సిబ్బంది జీతాలు ఉంటాయి.

చిన్న చిత్రానికి ప్రచారం ప్రేక్షకుడి నోటిమాటే, ఆ మాట పాకడానికి కనీసం పది రోజులు కావాలి. హాల్లో నిలవని చిత్రాన్ని ఓటీటీ సంస్థలు, టీవీ ఛానళ్లు కూడా తేలిగ్గా కొనవు. అప్పు తీరని నిర్మాత రెండో చిత్రం జోలికి వెళ్లడు. మొదటి చిత్రంలో చేసిన పొరపాట్ల నుంచి ఆయన నేర్చుకున్నదంతా ఆయనతోనే ఆగిపోతుంది.

2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం టికెట్ ధరలను సవరిస్తూ, చిన్న చిత్రానికి చోటిస్తే రోజుకు ఐదో ఆట వేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆ ఆలోచన మంచిదే గాని, అనుమతి ఇచ్చినంత మాత్రాన ఆట పడదు. తిరుపతిలో ఒక్క హాలులోనైనా సాయంత్రం వేళ ఒక ఆటను రెండు వారాలపాటు చిన్న చిత్రానికి కేటాయించి, అద్దెకు బదులు వచ్చిన వసూళ్లలో వాటా తీసుకొనే ఏర్పాటు చేయాలని ప్రదర్శకులను, జిల్లా అధికారులను కోరుతున్నాను. హాలు వారికి మొదట కొంత నష్టం వస్తే దానిని పూడ్చడానికి ఆ ఆటపై వచ్చే పన్నులో ప్రభుత్వం కొంత వదులుకోవచ్చు.

సీడెడ్ అని పంపిణీదారులు పిలిచే మన రాయలసీమ యాసలో, మన ఊళ్లలో తీసిన చిత్రాలను ముందుగా మన హాళ్లలోనే చూసే అవకాశం ప్రేక్షకులకు కల్పించాలని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక చిన్న చిత్ర నిర్మాత,
తిరుపతి