నల్ల తెర మీదా మౌస్ నడుస్తుంది, అతికింపు దగ్గరే జాగ్రత్త

సంపాదకులకు,

నమస్కారం. ఆఫీసుల్లో తీసేసిన పాత కంప్యూటర్లు ప్రకాశం జిల్లాలో బడులకో, ఊరి గ్రంథాలయాలకో చేరినప్పుడు వాటిలో డెస్క్‌టాప్ లేకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, అక్షరాల కన్సోల్ మీదే, అంటే ఆజ్ఞలు టైపు చేసే నల్ల తెర మీదే నడపడం మంచి పద్ధతి. ర్యామ్ తక్కువున్నా యంత్రం చకచకా పనిచేస్తుంది. అయితే "బొమ్మల తెర లేదు కాబట్టి మౌస్ రాదు" అనుకుని మౌస్ తీసి పక్కన పెట్టేస్తున్నారు. ఆ మాట నిజం కాదు. జీపీఎం అనే చిన్న ప్రోగ్రామ్ వేస్తే కన్సోల్ మీదా మౌస్ నడుస్తుంది. దాన్ని పదిమంది వాడే యంత్రంలో పెట్టేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలామంది వదిలేస్తున్నది దాన్నే.

ముందు ఒక మాట. పెంటియం 4 కాలపు 32 బిట్ యంత్రాలకు లినక్స్ రకాల్లో డెబియన్ 12 వేయండి. 2025లో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఈ ఉత్తరంలో ఆజ్ఞలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాం. టైపు చేసేటప్పుడు వేరుగా చెప్పనిచోట అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే.

"సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీపీఎం" అని కొడితే ప్రోగ్రామ్ దిగి దానంతటదే మొదలవుతుంది. సుడో అంటే ఆజ్ఞను నిర్వాహకుడి అధికారంతో నడపమనడం. "సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ జీపీఎం" అన్నప్పుడు యాక్టివ్ అని కనిపించాలి. మౌస్ కదిపితే తెర మీద ఒక అక్షరమంత గడి రంగు తిరగేసుకుని కదులుతుంది. అదే బాణం గుర్తు అనుకోండి. పాత పద్ధతి కన్సోల్‌లో వరసకు 80 అక్షరాలు, మొత్తం 25 వరసలు. గడి అక్షరం నుంచి అక్షరానికి గెంతుతుందే తప్ప జారదు. ఇది లోపం కాదు. ఎడమ బొత్తాం నొక్కిపట్టి లాగితే అక్షరాలు ఎంపికవుతాయి, రెండుసార్లు నొక్కితే పదం, మూడుసార్లు నొక్కితే వరస మొత్తం. మధ్య బొత్తాం నొక్కితే ఎంపికైనది కర్సర్ ఉన్నచోట అతుక్కుంటుంది. చక్రం ఉన్న మౌస్‌లో చక్రాన్ని నొక్కడమే మధ్య బొత్తాం. ఆల్ట్, ఎఫ్2 నొక్కి రెండో కన్సోల్‌కు వెళ్లి అక్కడా అతికించుకోవచ్చు. పొడవాటి ఫైలు పేర్లు చూసి మళ్లీ కొట్టాల్సిన పిల్లలకు ఇదొక్కటే బోలెడు శ్రమ తగ్గిస్తుంది.

గడి కదలకపోతే సెట్టింగుల జోలికి వెళ్లకముందు వస్తువునే చూడాలి. గుండ్రటి పిన్నుల పీఎస్2 మౌస్ అయితే ఆకుపచ్చ సాకెట్‌లో ఉండాలి. ఊదారంగుది కీబోర్డుకు. ఈ పోర్టు కరెంటు ఉండగా పెట్టి తీయడానికి చేసింది కాదు. యంత్రం ఆపి, తగిలించి, మళ్లీ వెయ్యండి. రెండోది మన ప్రాంతపు చిక్కు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక వేసిన బల్ల మీద ఆప్టికల్ మౌస్ సరిగా నడవదు. మౌస్ అడుగున ఉన్న చిన్న కెమెరా ఉపరితలపు గరుకుదనాన్ని వెంటవెంటనే ఫొటోలు తీసి, తేడాను బట్టి కదలికను లెక్కగడుతుంది. అద్దంలా పాలిష్ చేసిన నల్లరాయిలో దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, మెరిసే చుక్కలు ఇంకా తికమక పెడతాయి. కింద ఒక తెల్ల కాగితమో అట్టముక్కో వేస్తే సరిపోతుంది. ఇది తెలియక మంచి మౌస్‌లనే పాడైనవిగా తీసి పారేస్తారు.

వస్తువు బాగానే ఉందనిపిస్తే "సుడో హెక్స్‌డంప్" అని, ఖాళీ వదిలి, డెవ్ ఫోల్డర్ కింద ఇన్‌పుట్ ఫోల్డర్‌లో ఉన్న మైస్ అనే ఫైలు దారి ఇవ్వండి. మౌస్ కదిపినప్పుడల్లా అంకెలు పరుగెత్తితే కెర్నెల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి, మౌస్ కనబడుతున్నట్టే. కంట్రోల్, సీ నొక్కి ఆపండి. ఆ ఫైలే లేదంటే "సుడో మాడ్‌ప్రోబ్ మౌస్‌డెవ్" కొట్టాలి. పాత పుస్తకాల్లో పీఎస్ఆక్స్ అనే ఫైలు పేరు ఉంటుంది. దాన్ని పట్టుకుని తిప్పలు పడొద్దు. మైస్ ఫైలులో యూఎస్‌బీ, పీఎస్2, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ అన్నీ కలిసే వస్తాయి.

గడి కదులుతోంది గానీ మూలకు ఎగిరిపోతోంది, నొక్కకుండానే బొత్తాలు పడుతున్నాయి అంటే మౌస్ రకం తప్పుగా ఇచ్చారని అర్థం. మామూలు పీఎస్2 మౌస్ ప్రతి కదలికనూ 3 బైట్లలో పంపుతుంది, చక్రం ఉన్నది 4 బైట్లలో. మౌస్ మూడేసి పంపుతుంటే జీపీఎం నాలుగేసి చదివితే, పద్యపాదాన్ని తప్పుచోట విరిచినట్టు, బొత్తాం సమాచారం కదలికగా, కదలిక బొత్తాంగా మారిపోతుంది. ఈటీసీ ఫోల్డర్‌లోని జీపీఎం డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి టైప్ అన్నచోట ఎక్స్‌పీఎస్2 (ఈ, ఎక్స్, పీ, ఎస్, 2) ఉందేమో చూడండి, డివైస్ అన్నచోట పైన చెప్పిన మైస్ ఫైలు దారి ఉండాలి. అయినా కుదరకపోతే ఐఎంపీఎస్2, ఆ తర్వాత పీఎస్2 పెట్టి చూడాలి. మార్చిన ప్రతిసారీ "సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ జీపీఎం" కొట్టకపోతే మార్పు అమల్లోకి రాదు. గడి నత్తనడకగా ఉంటే అదే ఫైలులో రెస్పాన్సివ్‌నెస్ 20 ఇవ్వండి. ఏమీ ఇవ్వనప్పుడు అది 10. ఎడమచేతి వాటం పిల్లలకు అపెండ్ వరసలో మైనస్, పెద్ద బీ, ఖాళీ, 321 అని చేరిస్తే బొత్తాలు అటూ ఇటూ మారతాయి.

ఎక్కడ పనిచేయదో కూడా తెలియాలి. వేరే యంత్రం నుంచి నెట్‌వర్క్ మీదుగా ఎస్ఎస్‌హెచ్‌లో వచ్చినవారికి జీపీఎంతో పనిలేదు, అక్కడ మౌస్‌ను చూసుకునేది వారి టెర్మినల్ కిటికీ. ఒకే కన్సోల్‌ను పలు తెరలుగా చేసే స్క్రీన్, టీమక్స్ అనే ప్రోగ్రాముల లోపల నడిపే వాటికీ ఈ మౌస్ నొక్కులు అందవు. నేరుగా కన్సోల్‌లో మాత్రం ఫైళ్లు చూసుకునే మిడ్‌నైట్ కమాండర్ చాలా బాగుంటుంది, ఫోల్డర్ల మీద నొక్కుకుంటూ పోవచ్చు. అందులో అక్షరాలు ఎంపిక చేయాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి, లేకపోతే నొక్కును ఆ ప్రోగ్రామే తీసేసుకుంటుంది. ఫైళ్లలో రాసుకునే నానో ప్రోగ్రామ్‌లో మౌస్ పనిచేయాలంటే దాన్ని మైనస్ ఎం చేర్చి తెరవాలి. ఇంకొకటి, తెలుగు పేర్లున్న ఫైళ్లు కన్సోల్‌లో డబ్బాలుగా కనిపిస్తాయి. కన్సోల్ అక్షరాల పట్టికలో 512కు మించి చోటు లేదు, ఒత్తులూ గుణింతాలూ కలిపే ఏర్పాటూ లేదు. ఆ పేర్లను మౌస్‌తో ఎత్తకుండా ట్యాబ్ నొక్కి పూర్తి చేసుకోవడం మేలు.

ఇప్పుడు ముందే చెప్పిన జాగ్రత్త. ఎంపిక చేసిన అక్షరాలు లాగౌట్ చేసినా పోవు, యంత్రంలోనే ఉంటాయి. తర్వాత కూర్చున్నవారు మధ్య బొత్తాం నొక్కితే అవి వారి తెర మీద పడతాయి. ముందువాడు ఎంపిక చేసింది రహస్యమైతే బయటపడుతుంది. అది ఫైళ్లు తుడిచే ఆజ్ఞ అయి, చివర ఎంటర్ కూడా కలిసి ఉంటే, చదివే లోపే అమలైపోతుంది. బడిలోనూ గ్రంథాలయంలోనూ దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మందు జీపీఎంలోనే ఉంది. అపెండ్ వరసలో మైనస్, పెద్ద ఏ, వెంటనే 60 అని రాయండి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. అప్పుడు 60 సెకన్లు దాటిన ఎంపిక అతుక్కోదు.

ఆ నిమిషం లోపే మరొకరు కూర్చోవచ్చు గనుక దీనితో ఆగొద్దు. జీపీఎంతో పాటు వచ్చే డిజేబుల్ పేస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, పేరులో రెండు మాటల మధ్య మైనస్ గుర్తు. ఈటీసీ ఫోల్డర్‌లోని ప్రొఫైల్ ఫైలు (ఎవరు లాగిన్ అయినా నడిచేది) చివర, టీటీవై కన్సోల్ నుంచి, అంటే ఆ యంత్రం సొంత తెర నుంచి లాగిన్ అయినప్పుడు అది నడిచేలా షరతు రాసి పెట్టాలి. దాంతో లాగిన్ అవగానే పాత ఎంపిక మూతపడుతుంది, కొత్తవారు తమ అక్షరాలు తాము ఎంపిక చేసుకున్నాకే అతికింపు తిరిగి తెరుచుకుంటుంది. పిల్లలకు అప్పగించేముందు ఒక పేరుతో లాగిన్ అయి ఏదో ఒక మాట ఎంపిక చేసి, లాగౌట్ చేసి, వెంటనే ఇంకో పేరుతో వచ్చి చక్రం నొక్కి చూడండి. ఒక్క అక్షరం పడినా ప్రొఫైల్‌లో రాసిన వరస నడవలేదన్నమాట, దాన్ని సరిచేశాకే యంత్రం ఇవ్వాలి.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబులు చూసుకునే కొందరు పాఠకులు,
ఒంగోలు.