క్యారమ్ బోర్డంత చోటు చాలు

సంపాదకులకు,

బొమ్మ సైనికుల యుద్ధక్రీడకు ఆరడుగుల బల్ల లేనిదే కుదరదని చాలామంది అనుకుంటారు. 1990లో బ్రిటన్‌లో వెలువడిన డి.బి.ఎ. (డి బెల్లిస్ యాంటిక్విటాటిస్, ప్రాచీన యుద్ధాల ఆట) నియమాలకు అంత అక్కర్లేదు. ఒక్కో పక్షానికి 12 దళాలు. 15 మి.మీ. ఎత్తు బొమ్మలైతే 60 సెం.మీ. చదరం సరిపోతుంది, ఒక్కో దళం బొమ్మలను అంటించే పీఠం వెడల్పు 40 మి.మీ. నాలుగు దళాలు పోయి, అవతలివారికన్నా ఎక్కువ నష్టపోయినవారు ఓడినట్టే. గంటలో తేలిపోతుంది.

మన ఇళ్లలో దీనికి పెద్ద క్యారమ్ బోర్డును మించింది లేదు. ఆడే భాగం 74 సెం.మీ. కనుక మధ్యలో 60 సెం.మీ. ఫెల్టు గుడ్డ పరిస్తే చుట్టూ ఏడేసి సెంటీమీటర్లు మిగులుతాయి. పడిపోయిన దళాలను అక్కడ పెట్టొచ్చు. ముందుగా బోరిక్ పౌడరు శుభ్రంగా తుడవాలి. లేదంటే మోచెయ్యి తగలగానే గుడ్డ జారి రెండు సేనలూ కలగాపులగమవుతాయి. పాచికలు పక్కన పళ్లెంలోనే వేయాలి. బొమ్మల మధ్య వేస్తే బల్లేలు వంగిపోతాయి. కాగితం చెట్లు పెడితే సీలింగ్ ఫ్యానుతో పేచీనే, అడుగున నాణెం అంటించండి.

పీఠాలకు పల్చటి అట్ట వద్దు. జిగురు తడికి విల్లులా వంగుతుంది. 2 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుతో చేసిన గట్టి పలక) మేలు. దాని కింద అయస్కాంత షీటు అంటిస్తే సేన మొత్తం ఒక రేకు బిస్కెట్ డబ్బాలో కదలకుండా నిలబడుతుంది. స్టీలు టిఫిన్ డబ్బాలను నమ్ముకోవద్దు, వాటిలో చాలావాటికి అయస్కాంతం అంటుకోదు.

– ఒక పాఠకుడు, విజయవాడ