ఖాళీ పెట్రోలు ట్యాంకుకు మంట చూపకండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత కార్లను ప్రాణంగా చూసుకుంటున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ కార్లకు వచ్చే జబ్బులన్నిటిలోనూ పెట్రోలు ట్యాంకు కారడాన్ని మనం మరీ తేలికగా తీసుకుంటున్నామని, దానికి చేయిస్తున్న వైద్యం ఆ జబ్బు కంటే ఎక్కువ ప్రమాదకరంగా ఉందని ఈ వేసవిలో నాకు స్వయంగా తెలిసివచ్చింది. నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నా కళ్లెదుట తప్పిపోయిన ప్రమాదం రేపు మరొక షెడ్డులో తప్పకపోవచ్చునన్న ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ కారు నేటికీ మా ఇంట్లో ఉంది. ఏటా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే బంధువులను రైల్వే స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చేది ఆ కారులోనే. ఏప్రిల్‌లో ఒక ఉదయం కారు షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. నేల మీద తడి ఏమీ కనిపించలేదు. సిమెంటు గచ్చు మీద పేరుకున్న దుమ్ములో మాత్రం రూపాయి బిళ్లంత మేర ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది, దాని అంచున సన్నని పసుపు చార ఉంది. కారిన పెట్రోలు నేలను తడిగా ఉంచదు, ఆవిరై గదినంతటినీ నింపుతుంది. అందువల్ల లైటు స్విచ్చి ముట్టుకోకుండా, తలుపులు బార్లా తీసి, ఇంజను స్టార్టు చేయకుండానే పక్కింటి పిల్లల సాయంతో కారును ఆరుబయటికి తోయించాను. వాసన పూర్తిగా పోయాక ట్యాంకు అడుగంతా గుడ్డతో తుడిచి సుద్దపొడి అద్దితే, వెనుక అతుకు దగ్గర బియ్యపు గింజంత మేర పొడి నల్లబడి, మరుక్షణంలో అక్కడొక బొట్టు కట్టింది.

కారుతున్నది ట్యాంకేనని నిర్ధారించుకోకుండా దానిని విప్పించడం కూడా పొరపాటే. ఇంజనుకు వెళ్లే రబ్బరు పైపు, క్లిప్పు, అడుగునున్న ప్లగ్గు వాషరు, పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు కింది ప్యాకింగు, వీటిలో ఏది పాడైనా బొట్టు కనిపించేది మాత్రం ట్యాంకు అడుగునే. నిండుగా పోయించినప్పుడు మాత్రమే కారుతుంటే లోపం పైభాగంలో ఉన్నట్టు. బంకులో భూగర్భ ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 40 లీటర్ల పెట్రోలు మన ఎండకు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా పెరుగుతుంది కాబట్టి, మూతి వరకు నింపించిన రోజున అది దారి వెతుక్కుంటుంది. పావు వంతు పెట్రోలు ఉన్నా కారుతుంటే మాత్రం అడుగు రేకును తుప్పు తిన్నదని అర్థం.

రేకును తుప్పు తినడానికి మన ప్రాంతంలో కారణాలకు కొదవ లేదు. సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. ట్యాంకుకూ డిక్కీ రేకుకూ మధ్య చేరిన మట్టి వానకాలమంతా ఆరదు. ఇక లోపలి సంగతి. ఆ కాలపు చాలా ట్యాంకుల రేకుకు తగరం, సీసం కలిసిన పూత ఉండేది. 2023 నుంచి దశలవారీగా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఆ పూతకు గానీ, పాత రబ్బరు పైపులకు గానీ తగినది కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీరు మితిమీరితే దానితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. వారానికోసారైనా నడిచే కారుకు దీనివల్ల వచ్చే ముప్పు తక్కువ, నెలల తరబడి కదలని కారుకు ఎక్కువ. పాత కారు ఉన్నవారు కనీసం పెట్రోలు పైపులన్నిటినీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్పించుకోవాలని నా మనవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను మొదట కారును చూపించిన షెడ్డులో, కారుతున్న చోట బట్టల సబ్బు రుద్ది, ఆరు నెలలు చూసుకోనక్కర్లేదన్నారు. సబ్బు బొట్టును కాసేపు ఆపే మాట నిజమే గానీ, అది షెడ్డుకు చేరే వరకు పనికివచ్చే ఉపాయం మాత్రమే. నాలుగో రోజున మళ్లీ కారింది. రెండో షెడ్డులో ట్యాంకును విప్పి, రెండు బకెట్ల నీళ్లతో కడిగి, వేపచెట్టు కింద రెండు ఇటుకల మీద బోర్లించారు. గ్యాస్ వెల్డింగు గొట్టం పట్టుకుని నిలబడిన కుర్రవాడికి పదిహేడేళ్లు ఉంటాయేమో, కాళ్లకు హవాయి చెప్పులు తప్ప ఒంటి మీద రక్షణ అన్నది ఏదీ లేదు. అతడు లైటరు తీసేసరికి నేను అడ్డుపడి, ఆ మూతి దగ్గర ఒకసారి వాసన చూడు బాబూ అన్నాను. చూశాడు, ముఖం తిప్పుకున్నాడు. మేస్త్రీ మాత్రం, "ఏటీ అవదండి మాస్టారూ, ఖాళీ ట్యాంకే కదా, పాతికేళ్లుగా ఇలాగే చేస్తన్నాం" అన్నారు. ఆయన మంచి పనివాడు, అబద్ధమూ చెప్పలేదు. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కనుక ఇకముందూ ఏమీ కాదన్న ఆ నమ్మకమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ఎందుకు ప్రమాదకరమో పాఠకులు దయచేసి గమనించాలి. పెట్రోలు ద్రవంగా మండదు, దాని ఆవిరి గాలితో కలిసి మండుతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో పెట్రోలుపైన మిగిలిన కాస్త చోటులో ఆవిరి చిక్కగా ఉండి గాలి చాలదు, ఖాళీ చేసిన ట్యాంకులో గాలి సరిగ్గా చాలినంత ఉంటుంది. 50 లీటర్లు పట్టే ట్యాంకును పేలుడు పాత్రగా మార్చడానికి కావలసిన ఆవిరి ముప్పాతిక లీటరులోపే. అంత ఆవిరి పుట్టడానికి ఒక చిన్న చెంచాడు పెట్రోలు చాలు. ఆ చెంచాడు పెట్రోలు తుప్పు పొరల్లో, మడత అతుకుల్లో, లోపలి అడ్డుపలకల వెనుక దాగి ఉంటుంది. చన్నీళ్లతో రెండుసార్లు కడిగితే అది పోదు. వాసన తగ్గినట్టు అనిపించినా, రేకుకు వెల్డింగు వేడి తగలగానే దాగిన పెట్రోలు తిరిగి ఆవిరవుతుంది. ఆ క్షణాన మంట పట్టుకున్న మనిషి ముఖం ట్యాంకుకు జానెడు దూరంలో ఉంటుంది. మా ట్యాంకునే తీసుకుంటే, ఆ రోజు వేణ్ణీళ్లు, చాకలి సోడా వేసి మళ్లీ కడిగించి గంటసేపు ఎండలో పెట్టించినా మూతి దగ్గర వాసన పోలేదు. గ్యాసు మంటకు బదులు కాల్చిన కడ్డీతో తగరం మాటు వేస్తామనేవారూ ఉన్నారు. మంట కనిపించనంత మాత్రాన వేడి లేదనుకోకూడదు.

ఇలాంటి ట్యాంకుకు వెల్డింగు చేయవలసివస్తే, నీటి ఆవిరి చిమ్మే యంత్రంతో చాలాసేపు కడిగి, లోపల నైట్రోజన్ వంటి మండనీయని వాయువు నింపి, మండే ఆవిరి మిగల్లేదని కొలిచే పరికరంతో చూసుకున్నాకే మొదలుపెట్టాలి. ఆ సాధనాలు లేని షెడ్డులో ఆ పనికి ఒప్పుకోకపోవడమే మర్యాద. పని ఒప్పుకోని మేస్త్రీని చేతకానివాడిగా చూసే అలవాటు మనలో ఉంది, అది మారాలి.

పెట్రోలు బయటికి తీసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. గొట్టం నోట్లో పెట్టి పీల్చడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తున్నాం. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వంటి తీవ్రమైన వాపు వస్తుంది. అలా మింగినవారికి వాంతి చేయిస్తే హాని రెట్టింపవుతుంది గనుక, నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చేతిపంపు వాడాలి, ఇంజను చల్లారి ఉండాలి, ఆరుబయట చేయాలి, బ్యాటరీ తీగ ముందే విప్పాలి. మెకానిక్ గొయ్యి మీద కారును నిలిపి మాత్రం ఆ పని చేయకూడదు, ఎందుకంటే పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది, గొయ్యిలోకి దిగి అక్కడే నిలుస్తుంది. తీసిన పెట్రోలును కూల్‌డ్రింకు సీసాల్లో పోసి మెట్ల కింద దాచే ఇళ్లు నాకు తెలుసు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సొంత అవసరానికి 30 లీటర్లకు మించి ఉంచుకోకూడదు. ఆ కాస్తయినా గట్టి మూత ఉన్న పాత్రలోనే ఉండాలి, లోహపు డబ్బా అయితే 25 లీటర్లు, గాజు సీసా అయితే ఒక్క లీటరు దాటకూడదు.

మన ఇళ్ల కారు షెడ్లను కూడా ఒకసారి చూసుకోవాలి. మెట్ల కింది షెడ్డులోనే ఇన్వర్టరు, నీళ్ల మోటారు స్విచ్చి, కొన్ని ఇళ్లలో గ్యాసు సిలిండరు, పక్కనే తులసికోట ముందు దీపం ఉంటాయి. గాలికోసం పెట్టిన కిటికీ పైన ఉంటుంది, పెట్రోలు ఆవిరేమో నేలను పట్టుకుని ఉంటుంది. మోటారు తనంతట తాను ఆన్ అయ్యే ఏర్పాటు ఉన్న ఇంట్లో, అందరూ నిద్రపోతున్న వేళ ఒక్క నిప్పురవ్వ చాలు. నేను మా మోటారు స్విచ్చిని, ఇన్వర్టరును వరండాలోకి మార్పించాను, షెడ్డు తలుపు అడుగున జానెడు మేర జాలీ పెట్టించాను. ఒక బకెట్టు ఇసుక, పొడి రసాయనంతో పనిచేసే చిన్న అగ్నిమాపక సిలిండరు షెడ్డు బయట పెట్టాను. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది నీటిమీద తేలుతూ ఇంకా విస్తరిస్తుంది.

చివరకు మా కారు సంగతి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, అసలు ట్యాంకు కొత్తది దొరకలేదు. పాతదానిని కోయకుండా కొలతలు మాత్రం తీయించి, విశాఖపట్నంలో స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో కొత్తది చేయించాను. రాత్రంతా నీళ్లు నింపి ఉంచి, ఎక్కడా చెమ్మ లేదని చూసుకుని, పూర్తిగా ఆరబెట్టాకే బిగించాం. మాటుకు అయ్యే ఖర్చుకు అయిదారు రెట్లు అయింది. ఆ కుర్రవాడి ముఖం గుర్తొచ్చినప్పుడు ఆ డబ్బు నాకు ఎక్కువనిపించలేదు.

మీ పత్రిక ద్వారా కోరేవి రెండు. పాత కార్ల రిజిస్ట్రేషను 15 ఏళ్ల తరువాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించేటప్పుడు అధికారులు ట్యాంకునూ, పైపులనూ కిందికి వంగి చూడాలి. మన రెండు జిల్లాల ఐటీఐలలో మోటారు మెకానిక్, వెల్డరు శిక్షణ పొందే పిల్లలకు అగ్నిమాపక సిబ్బంది చేత ఈ ఒక్క విషయం మీద ఏటా ఒక పూట పాఠం చెప్పించాలి. షెడ్లలో ఇప్పటికే పనిచేస్తున్న కుర్రాళ్లను కూడా ఆ పూటకు పిలవాలి.

మా పాత ట్యాంకు ఇంకా పెరట్లోనే ఉంది. నిండా నీళ్లు పోసి, మూత తీసి, గోడ వారన ఉంచాను. పాత ఇనుము కొనేవారు ఇద్దరు వచ్చి అడిగారు, దానిని ఎలా కోస్తారని అడిగితే గ్యాస్ కట్టరుతోనని చెప్పారు. ఇలాంటి ట్యాంకులను సురక్షితంగా శుభ్రం చేసి తీసుకునే చోటు మన జిల్లాలో ఉంటే, దానిని సంబంధిత శాఖవారు ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. అంతవరకు ఆ ట్యాంకును ఎవరికీ ఇవ్వను.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం.